నక్షత్రములను లెక్కించువాడు మన కంచములను చూచుచున్నాడు

ధ్యాన భాగములు: కీర్తనలు 147, యోహాను 21:1–14



మరల వసంతకాలము మన పల్లెలను దర్శించినది. ఆకు రాల్చి మోడులవలె నిలిచిన చెట్లు చిగిర్చినవి. పొలము గట్లమీద మోదుగులు ఎఱ్ఱగా పూచినవి. వేపచెట్టు క్రింద తెల్లని పూత రాలి చాప పరచినట్లున్నది. మామిడి పిందెలు కాయలగుచున్నవి. చింతచిగురు కోసి తెచ్చుటకు పిల్లలు చెట్లెక్కుచున్నారు. కళ్ళములలో మిరపపండ్లు ఆరుచున్నవి. పగటియెండ ముదురుచున్నను తెల్లవారుజామున గాలి యింకను చల్లగానే యున్నది. రాత్రివేళ ఆరుబయట మంచము వేసికొన్నవారికి ఆకాశమంతయు కనబడుచున్నది. లోపల పొయ్యిమీద ఉడుకుచున్న పప్పు వాసన అక్కడికి వచ్చుచున్నది.

ఋతువు, నక్షత్రములు, వంట. ఈ మూటికిని సంబంధమేమని ఎవరైన అడుగవచ్చును. అయితే 147వ కీర్తనను ఒకసారి మెల్లగా చదివి చూడుడి. గుండె చెదరినవారిని బాగుచేయు దేవుడే నక్షత్రములను లెక్కించి వాటికి పేర్లు పెట్టుచున్నాడని భక్తుడు చెప్పుచున్నాడు. ఆ దేవుడే మేఘములను కప్పి, వాన సిద్ధపరచి, కొండలమీద గడ్డి మొలిపించుచున్నాడు. అరచు కాకిపిల్లలకు సహితము మేత పెట్టుచున్నాడు. మంచును కరగించి గాలిని విసరజేయుచున్నాడు. మంచి గోధుమలతో తన జనులను తృప్తిపరచుచున్నాడు. ఆకాశము, వాతావరణము, అన్నము ఒకే కీర్తనలో ఒకే చేతిక్రింద ఉన్నవి. ఈ నెల మన ధ్యానమునకు ఆ చేతినే చూతము.

1. ఋతువును త్రిప్పువాడు

వసంతము ఎందుకు వచ్చుచున్నది? సూర్యుడు మనకు దగ్గరగా జరుగుటచేత కాదు. మన భూమి నిటారుగా నిలిచి తిరుగుట లేదు. సుమారు 23½ డిగ్రీలు ఒరిగి తిరుగుచున్నది. ఆ ఒరుగుదలతోనే సూర్యుని చుట్టు తిరుగుటచేత ఆరు నెలలు ఉత్తర భాగము, ఆరు నెలలు దక్షిణ భాగము సూర్యునివైపు వంగియుండును. మార్చి 20న లేక 21న పగలును రాత్రియు దాదాపు సమానమగును. అప్పటినుండి మనకు పగళ్ళు పెరుగును, ఎండ హెచ్చును, మామిడి పండును, పిమ్మట తొలకరి వచ్చును. బండియిరుసు కొంచెము ఒరిగినయెడల మనము బాగుచేయించుదుము. భూమి యిరుసు ఒరిగియుండుట మాత్రము మనకు మేలాయెను. దానివలననే విత్తు కాలమును కోత కాలమును కలుగుచున్నవి. జలప్రళయము తరువాత దేవుడు నోవహుతో చేసిన వాగ్దానము ఈ ఒరుగుదలలో ఏటేట నెరవేరుచున్నది.

మన ఈస్టరు పండుగ తేదీ ఏటేట మారుటకు కారణము గూడ ఆకాశమందే యున్నది. సంఘము పాటించు లెక్క ప్రకారము మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చు పున్నమి పిమ్మటి ఆదివారము ఈస్టరు. అందుచేత అది మార్చి 22కు ముందుగాని ఏప్రిల్ 25కు తరువాతగాని రాదు. పస్కా పండుగ నాటికి యూదయ దేశములో కడవరి వాన కురిసి, యవలు కోతకు వచ్చియుండును. మన ప్రభువు మృతులలోనుండి లేచినది పొలములు పండి, పున్నమి వెన్నెల ఇంకను తగ్గని దినములలోనే.

చంద్రునిమీద ఈ భాగ్యము లేదు. చంద్రుని యిరుసు ఒకటిన్నర డిగ్రీలు మాత్రమే ఒరిగియున్నది. అక్కడ గాలి లేదు, వాన లేదు, చిగురు లేదు, కోయిల లేదు. మనకు వెన్నెల పంచు ఆ చంద్రుడు వసంతమెరుగనివాడు. కావున మన పెరటిలో ఒక చింతకొమ్మ చిగిర్చినప్పుడు అది చిన్న సంగతియని తలంపకుందము.

2. నక్షత్రములను లెక్కించువాడు

చీకటిరాత్రి, దీపములు లేని చోట, మబ్బు లేనప్పుడు ఆకాశము చూచినయెడల మన కంటికి రెండుమూడువేల నక్షత్రములు కనబడును. పాలపుంత అని మనము పిలుచు ఈ ఒక్క గుంపులోనే పదివేల కోట్లకు తక్కువ కాని నక్షత్రములున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. క్షణమునకొకటి చొప్పున, రాత్రింబగళ్ళు నిదుర లేక లెక్కించినను పదివేల కోట్లు లెక్కించుటకు 3,000 సంవత్సరములకు పైగా పట్టును. దావీదు కాలమునుండి నేటివరకు లెక్కించినను ముగియదు. ఇట్టి గుంపులు ఇంకను లెక్కకు మించి యున్నవి. వీటినన్నిటిని మన దేవుడు పేరుపెట్టి పిలుచుచున్నాడు.

మన సూర్యుడును ఒక నక్షత్రమే. ఆయన మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. ఆ వెలుగు మన వాకిటికి చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును. ఆ వెలుగును వరిఆకు పట్టుకొని గింజగా చేయుచున్నది. చెట్టు దానిని పట్టుకొని కొమ్మగా చేయుచున్నది. మన పొయ్యిలో కట్టె మండునప్పుడు వచ్చు వేడి, ఆ చెట్టు ఏండ్లతరబడి ఎండనుండి కూర్చుకొన్న వేడియే. పొయ్యి ముందు కూర్చున్న తల్లి యొక నక్షత్రపు వేడితో అన్నము వండుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

మన దేశస్థులును ఆకాశమును వెదకుచున్నారు. పులికాట్ సరస్సుకును బంగాళాఖాతమునకును మధ్యనున్న మన శ్రీహరికోటనుండి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినది. అదే సంవత్సరము ఆగస్టు 23 సాయంకాలము అది చంద్రుని దక్షిణ ధ్రువపు ప్రాంతమున మెల్లగా దిగినది. పల్లెలలో సహితము జనులు టీవీల ముందు కూర్చుండి చూచి చప్పట్లు కొట్టిరి. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అను మన దేశస్థుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు వెళ్ళెను. ఆయన తనతో క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిపండ్ల రసము తీసికొనిపోయెను. అక్కడ ఇతర దేశములనుండి వచ్చిన తోటివారితో కలిసి వాటిని రుచిచూచెను. మనుష్యుడు భూమిని విడిచి పైకి వెళ్ళినను ఇంటివంట రుచిని వెంట తీసికొనిపోవుచున్నాడు, పంచుకొని తినుటను మరువలేకున్నాడు.

ఇంకొక సంగతి మన సంఘములవారు తెలిసికొనదగినది. 1968 డిసెంబరు 24న, అపోలో 8 నౌకలో చంద్రుని చుట్టు తిరుగుచున్న ముగ్గురు మనుష్యులు ఆదికాండము మొదటి అధ్యాయములోని తొలి వచనములను భూమిమీదివారందరు వినునట్లు చదివిరి. మరుసటి సంవత్సరము జూలై 20న చంద్రునిమీద దిగిన యిద్దరిలో ఒకరైన బజ్ ఆల్డ్రిన్ ఒక ప్రెస్బిటేరియన్ సంఘ పెద్ద. దిగిన పిమ్మట, బయట అడుగుపెట్టక మునుపు, భూమిమీదివారిని కొద్దిసేపు మౌనముగా నుండి తమ తమ రీతిని కృతజ్ఞతలు చెల్లింపుమని ఆయన కోరెను. తరువాత తన సంఘమునుండి తెచ్చుకొన్న చిన్న రొట్టెముక్కను ద్రాక్షారసమును తీసికొని ప్రభురాత్రి భోజనమును ఆచరించెను. అక్కడ వస్తువుల బరువు భూమిమీది బరువులో ఆరవవంతు మాత్రమే గనుక, గిన్నెలో పోసిన రసము మెల్లగా అంచు వెంబడి పైకి చుట్టుకొన్నదని ఆయన తరువాత వ్రాసెను. అంత దూరమునకు పోయిన మనుష్యుడు అక్కడ చేసిన తొలి పనులలో ఒకటి ప్రభువు బల్లయొద్ద భుజించుట.

3. పొయ్యి రాజబెట్టినవాడు

ఇప్పుడు ఆకాశమునుండి తిబెరియ సముద్రతీరమునకు దిగి వత్తము. యోహాను 21వ అధ్యాయములో ఏడుగురు శిష్యులు రాత్రియంతయు వల వేసిరి. ఒక్క చేపయైనను పడలేదు. రాత్రియంతయు ప్రయాసపడి ఉత్త చేతులతో తెల్లవారుట యెట్టిదో చేపలు పట్టువారికే గాక, ఎండిన పైరు చూచిన రైతుకును, పని దొరకక అడ్డామీదనుండి తిరిగివచ్చిన కూలివానికిని తెలియును.

తెల్లవారినప్పుడు ఒడ్డున ఒకరు నిలిచియుండెను. ఆయన చెప్పినట్లు కుడిప్రక్కను వల వేయగా 153 గొప్ప చేపలు పడినవి. ఒడ్డుకు వచ్చి చూడగా వారికేమి కనబడెను? సింహాసనము కాదు, దేవదూతల సేన కాదు. నిప్పులు, వాటిమీద కాలుచున్న చేప, రొట్టె. తినుటకు రండని ఆయనయే పిలిచెను. తన చేతితోనే వారికి వడ్డించెను.

ప్రియులారా, ఈ దృశ్యమును తొందరపడి దాటిపోవద్దు. సమస్తమును ఎవరి మూలముగా కలిగినదో, ఎవరి మాటచేత నక్షత్రములు నిలిచియున్నవో, మరణమును జయించి లేచినవాడెవరో, ఆయన ఇసుకమీద కూర్చుండి నిప్పు రాజబెట్టి, చేప కాల్చి, అలసి వచ్చినవారికొరకు ఎదురుచూచెను. ఆ చేతులకు మేకుల గురుతులున్నవి. ఆ చేతులు పొగకును వేడికిని వెనుదీయలేదు. వంట హీనమైన పని అయినయెడల పునరుత్థానుడైన ప్రభువు ఆ పనిని చేయునా?

ఇంకొకటి గమనించుడి. ప్రధానయాజకుని యింటి ముంగిట నిప్పుల యొద్ద చలికాచుకొనుచు పేతురు తన ప్రభువును ఎరుగనని బొంకెను. ఇక్కడను నిప్పులే. ప్రభువు పేతురును మందలించుటకు ముందు అన్నము పెట్టెను. భోజనమైన తరువాతనే నీవు నన్ను ప్రేమించుచున్నావా యని అడిగెను. ఆకలితో నున్నవానిని ప్రశ్నింపలేదు. ఇది మన ఇండ్లలోను నేర్చుకొనదగిన పాఠము. పొలమునుండి వచ్చిన కుమారుని, బడినుండి వచ్చిన బిడ్డను, ఊరునుండి వచ్చిన కోడలిని ముందు కూర్చుండబెట్టి అన్నము పెట్టిన తరువాత అడుగవలసినది అడుగుడి.

4. కంచములను చూచువాడు

ఇంతవరకు వినుట సులభము. ఇకమీదట చెప్పబోవునది మన ఇంటిలోనికి వచ్చును.

మేము గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు ఇంటి యజమాని మమ్మును ఆదరించి కూర్చుండబెట్టును. ఆయన, కుమారులు, మేము కలిసి భుజింతుము. ఇంటితల్లి వడ్డించుచు నిలిచియుండును. “అమ్మా, నీవు తింటివా?” అని మేమడిగినయెడల అన్ని ఊళ్ళలోను ఒకే జవాబు వచ్చును: “నాదేముందిలెండి అయ్యగారూ, వీళ్లంతా తిన్నాక తింటా.” అందరును తిన్న తరువాత గిన్నె అడుగున ఏమి మిగులునో మీకు తెలియును. చారునీళ్ళు, మాడిన అన్నము, పచ్చడి మెతుకు. కూరలోని చేపముక్కలు అప్పటికే అయిపోవును. గ్రుడ్డు ఒకటే ఉన్నయెడల అది కొడుకు కంచములోనికి పోవును, కూతురు చూచుచు కూర్చుండును.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 ఏండ్లనుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అదే వయస్సుగల పురుషులలో నూటికి 25 మందికి ఉన్నది. మన రెండు తెలుగు రాష్ట్రములలోను స్త్రీల లెక్క దాదాపు అంతే. నెలసరి, కాన్పులు, కడుపులోని పురుగులు కూడ దీనికి కారణములే. గాని తగిన ఆహారము వారి కంచములోనికి రాకపోవుట ఒక పెద్ద కారణము. నీళ్ళ బిందె ఎత్తగానే ఆయాసము, లేచి నిలువగానే కండ్లు తిరుగుట, ముఖము పాలిపోవుట, ఇవి మన ఇండ్లలో చూచుచునే యుందుము. వేసవి వడ అని, నీరసమని ఊరకుందుము.

ఇప్పుడు ఆకాశమును ఈ కంచమును కలిపి చూడుడి. నెత్తురు ఎఱ్ఱగా నుండి మనకు ఊపిరి మోయుటకు ఇనుము కావలెను. ఒక మనిషి దేహమంతటిలోను ఉన్న ఇనుము మూడు నాలుగు గ్రాములు మాత్రమే, ఒక మేకంత. ఆ ఇనుము ఎక్కడిది? అది నక్షత్రములలో తయారై, అవి ప్రేలినప్పుడు చెదరి, పిమ్మట మన భూమిలో చేరినదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దేవుడు నేలమంటినుండి మనుష్యుని చేసెనని ఎరిగిన మనకు, ఆ మంటిలో ఏమేమి కూర్చి పెట్టెనో తెలిసినకొలది ఆశ్చర్యము హెచ్చుచున్నది. మన దేవుడు నక్షత్రముల కొలిమిలో ఇనుము చేసి, దానిని మట్టిలో కలిపి, తోటకూర వేరునకును, మునగాకునకును, రాగి గింజకును అందించెను. అంత దూరమునుండి వచ్చిన ఆ యీవి, మన వంటింటిలోనికి వచ్చి, ఇంటితల్లి కంచమునకు రెండు అడుగుల దూరమున ఆగిపోవుచున్నది! దేవుడు అన్ని కోట్ల మైళ్ళు దాటించిన దానిని మనము రెండు అడుగులు దాటింపలేమా?

“తల్లి తాను తినక పెట్టుట ప్రేమ గదా, త్యాగము గదా” అని కొందరు అడుగుదురు. అవును, ప్రేమయే. ఆ ప్రేమను దేవుడు ఎరుగును. అయితే త్యాగము చేయువారిది. దానిని దినదినము చూచియు చూడనట్లు తీసికొనుట ప్రేమ కాదు. మన ప్రభువు ఇతరులను ఆకలితో నుంచి త్యాగము చేయుడని ఆజ్ఞాపింపలేదు. తానే నడుము కట్టుకొని వడ్డించెను. యాయీరు కుమార్తెను లేపినప్పుడు అందరును విస్మయముతో చూచుచుండగా, ఆ పండ్రెండేండ్ల చిన్నదానికి తినుటకు పెట్టుడని చెప్పినవాడు ఆయనయే. తండ్రికి ఆ క్షణమున ఆ సంగతి తోచలేదు, ప్రభువునకు తోచినది. ఆడబిడ్డ ఆకలి ఆయన కంటికి మరుగు కాలేదు.

కొరింథు సంఘములోని తప్పును పౌలు ఏమని గద్దించెను? ప్రభువు భోజనమునకు కూడివచ్చినప్పుడు ఒకడు ముందుగా తిని తృప్తిపొందుచుండగా మరియొకడు ఆకలితో నుండెను. ఒకరికొరకు ఒకరు ఆగుడని ఆయన వ్రాసెను. మన ప్రేమవిందులలో కుండలు దించునది, పొగలో నిలుచునది స్త్రీలు. చివరి పంక్తిలో కూర్చుండునది వారు, వృద్ధులు, విధవరాండ్రు. బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపొంది, పందిటిలో ఆ మాట మరచుట తగునా?

కావున ఈ వసంతకాలమున మన గృహములలో ఈ కొద్ది సంగతులను ఆచరణలో పెట్టుదము.

మొదటిది, దినమునకు ఒక పూటయైనను ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుండి భుజింపవలెను. అన్నము, పప్పు, కూర అందరికి పంచిపెట్టిన తరువాతనే ప్రార్థన చేసి చేయి కడుగుదము. స్తోత్రము చెప్పు యజమాని కండ్లు మూయక మునుపు ఒకసారి అన్ని కంచములను చూడవలెను.

రెండవది, పురుషులు వడ్డించుట నేర్చుకొనవలెను. పొయ్యి ముట్టించుట, నీళ్ళు తోడుట, గిన్నెలు తోముట అవమానము కావు. తిబెరియ తీరమున మన ప్రభువు చేసిన పని చేయుటకు సిగ్గుపడువాడు ఆయన శిష్యుడనని ఎట్లు చెప్పుకొనగలడు? ఈ మాట కాపరి గృహమునకును సంఘ పెద్దల గృహములకును ముందుగా వర్తించును.

మూడవది, దేవుడు ఈ కాలమున మన పెరటిలో ఇచ్చిన దానిని విడువవద్దు. తోటకూర, మునగాకు, రాగిసంకటి, ఉలవలు, బొబ్బర్లు, చిన్నచేపలు, ఇవి ధనికుల ఆహారము కావు. పప్పులో పచ్చిమామిడికాయ వేసికొన్నను, కూరమీద నిమ్మకాయ పిండుకొన్నను ఆకుకూరలలోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. అన్నము తినగానే టీ త్రాగినయెడల అది తగ్గును. కొంతసేపు ఆగి త్రాగుడి. కూతురికిని కుమారునికిని ఒకే కొలతగా పెట్టుడి.

నాలుగవది, ఆయాసము, కండ్లు తిరుగుట గల స్త్రీలను, గర్భవతులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి రక్తపరీక్ష చేయించుడి. ఆశా కార్యకర్త ఇచ్చు ఐరన్ మాత్రలను గూటిలో దాచి మరువక, చెప్పినట్లు మింగునట్లు చూడుడి. ప్రార్థించుటయు మందు వాడుటయు ఒకదానికొకటి విరోధము కావు.

తల్లులారా, మీకును ఒక మాట. ఏలీయా అలసి బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పడియున్నప్పుడు, దేవుని దూత నిప్పులమీద కాల్చిన రొట్టెను, నీళ్ళను ఇచ్చి, లేచి తినుమని రెండుసార్లు చెప్పెను. ప్రయాణము చాల దూరమని దేవునికి తెలియును. మీ ప్రయాణమును దూరమే. తినుట స్వార్థము కాదు. మీకు దేవుడు పంపిన భాగమును తీసికొనుడి.

ఈ రాత్రి భోజనమైన తరువాత పిల్లలను వెంటబెట్టుకొని వాకిటికి వచ్చి ఆకాశము చూడుడి. వాటినన్నిటిని పేరుపెట్టి పిలుచువాడు మన ఇంటిలో ఎవరు తినిరో, ఎవరు తినలేదో ఎరుగును. ఏ ఇంటి స్తోత్రమును ఆయన సంతోషముతో అంగీకరించునో, ఆ ఇంట ఎవరి కంచమును ఖాళీగా నుండకుండును గాక.

ప్రార్థన: ఋతువులను త్రిప్పు తండ్రీ, వేప పూసినందుకును, మామిడి కాసినందుకును నీకు స్తోత్రము. ఎవరును లెక్కింపలేని నక్షత్రములను నీవు లెక్కించుచున్నావు. మా చిన్న ఇండ్లనుగూడ మరువక చూచుచున్నావు. పొయ్యి సెగలో నిలుచు తల్లులను, చెల్లెండ్రను, కోడండ్రను బలపరచుము. వడ్డించుటకు సిగ్గుపడని మనస్సును పురుషులకు దయచేయుము. పని లేక, పంట లేక ఈ వేసవిలో పస్తున్న ఇండ్లను మాకు చూపించి, మా కుండలోనిది వారితో పంచుకొనునట్లు చేయుము. నిప్పులయొద్ద శిష్యులకు అన్నము పెట్టిన మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.